కిట్టీ, మార్షల్, మీ ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో 'గన్‌స్మోక్' సీరియల్ గురించి నాలుగు ముక్కలు రాశాను. 1955 సెప్టెంబర్ 10న అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో మొదలై 1975 మార్చి 31 దాకా నడిచిన కౌబాయ్ సీరియల్ అది, ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు. కాన్సస్ రాష్ట్రంలో డాడ్జ్ సిటీ అనే ఊరు, టెక్సాస్ నుంచి పశువుల మందలు తోలుకొచ్చి రైలెక్కించే చోటు, ఆ ఊరికి మార్షల్, అంటే పోలీసు అధికారి, మాట్ డిల్లన్. డెబ్బై ఏళ్లు నిండాయి కదా, గుర్తు చేద్దామని రాశాను తప్ప మన తెలుగువాళ్లలో ఇంతమంది చూసి ఉంటారని నేననుకోలేదు. సగం ఉత్తరాలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చిన అమ్మానాన్నలవే. పొద్దున్నే కొడుకూ కోడలూ పనులకి వెళ్లిపోయాక, బయట మంచు, మాట్లాడే మనిషి లేడు, పాత సీరియళ్లు వేసే ఛానెల్ పెట్టుకుని కూర్చుంటే ఈ మార్షల్ దొరికాడట. చదువుతుంటే మనసుకి చాలా దగ్గరగా అనిపించింది.

కొత్తగా ఈ పేజీ చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట. నేను కోడంబాకంలో ముప్ఫై ఏళ్ల పైన సౌండ్ ఎఫెక్ట్స్ చేసినవాణ్ణి. అందుకని కథ కంటే ముందు నా చెవి పనిచేస్తుంది, జవాబుల్లో అది కనిపిస్తుంది. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

*మాస్టారూ, డల్లాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఈ సీరియల్ రోజూ చూశాను. నాకు ఒక్కటే బాధ. అన్నేళ్లు ఆ కిట్టీ ఎదురుచూసింది, మార్షల్ ఆమెని పెళ్లి ఎందుకు చేసుకోలేదు? ఇదేం న్యాయం? – పల్లావరం నుంచి ఒక పాఠకురాలు*

అమ్మా, ఈ ప్రశ్న మీరొక్కరే కాదు, పదకొండు మంది అడిగారు, అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు. అందరికీ కలిపి ఇక్కడే చెబుతాను.

కిట్టీ వేషం వేసిన అమాండా బ్లేక్ పంతొమ్మిది సీజన్లు చేసింది. 1974లో ఆమె మానుకుంది, ఆఖరి సీజన్ కిట్టీ లేకుండానే నడిచింది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఏముందో నోరు విప్పి చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లాంగ్ బ్రాంచ్ అనే సారా దుకాణం ఆమెది. మొదట వాటా ఉన్న మనిషి, తర్వాత పూర్తిగా ఆమే యజమాని. రాత్రి అతను తలుపు తోసుకుని వస్తాడు, ఆమె తలెత్తి చూస్తుంది. ఆ చూపులో ముందుగా ఉండేది ప్రేమ కాదు, "బతికే వచ్చాడు" అన్న నిమ్మళం. పోలీసు ఉద్యోగంలోనో మిలిటరీలోనో ఇంట్లో మనిషి ఉన్న ఆడవాళ్లకి ఆ చూపు విడమరిచి చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం అడిగితే, పెళ్లి చేయకపోవడమే సరైనది. రేపు తెల్లారేసరికి ఎవడో ఒకడు తుపాకీ పట్టుకుని వీధిలో నిలబడతాడు, అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడు భార్యాపిల్లల్ని పెట్టుకోకూడదని మార్షల్ అనుకుంటాడు, ఆ మాట కథలోనే సరిపోతుంది. కానీ మీ కోపం కూడా న్యాయమైనదే. ఎదురుచూడాలన్న నిర్ణయం అతనిది, ఎదురుచూసింది ఆమె. పైగా 1973లో ఒక ఎపిసోడ్ ఉంది, మార్షల్‌కి దెబ్బ తగిలి జ్ఞాపకం పోతుంది, తనెవరో తెలియని స్థితిలో పశువుల పొలం నడుపుకునే ఒక విధవరాలిని ప్రేమిస్తాడు. అంటే ఉద్యోగం గుర్తులేనప్పుడు ఆ మనిషి హాయిగా ప్రేమించగలడన్నమాట! అది చూసిన రోజు నాకు కిట్టీ గురించి నిజంగా దుఃఖం వచ్చింది. 1987లో ఒక టీవీ సినిమాగా ఈ కథ మళ్లీ తీశారు, న్యూ ఓర్లీన్స్ వెళ్లిపోయిన కిట్టీ అందులో తిరిగి డాడ్జ్‌కి వస్తుంది. అప్పటికీ పెళ్లి లేదు. రెండేళ్లకి అమాండా బ్లేక్ చనిపోయింది.

*అన్నా, నాన్న చెప్పారని చూశాను. చాలా స్లో. రెండింతల స్పీడ్ పెట్టుకుని చూస్తే గానీ కదల్లేదు. ఇందులో అంత ఏముందని? – మారతహళ్లి, బెంగళూరు నుంచి ఒక పాఠకుడు*

తమ్ముడూ, రెండింతల స్పీడ్‌లో చూశావంటే అందులో ఉన్నదంతా వదిలేసి చూశావన్నమాట. కోపంతో అనడం లేదు, కొంచెం ఓపిక పట్టి నా మాట విను.

ఈ కథ పుట్టింది టీవీ కోసం కాదు. 1952 ఏప్రిల్‌లో రేడియో నాటకంగా మొదలైంది, నార్మన్ మెక్‌డోనెల్, జాన్ మెస్టన్ అనే ఇద్దరు తయారుచేశారు, మార్షల్ గొంతు విలియం కాన్రాడ్‌ది. టీవీలో వస్తున్నా సరే రేడియోలో 1961 దాకా నడిచింది. రేడియోలో బొమ్మ లేదు కదా, ఊరు మొత్తం చప్పుళ్లతోనే కట్టాలి. మార్షల్ చెక్క పలకల వసారా మీద నడుస్తుంటే బూటు చప్పుడు, మడమకి ఉన్న ముళ్ల చక్రం గలగల, ఎక్కడో కుక్క మొరుగుడు, వసారా దిగి మట్టిలోకి అడుగేసేసరికి ఆ చప్పుడు మారిపోవడం. ఎవరూ మాట్లాడరు. అయినా అతను ఎక్కడున్నాడో, ఎంత తొందరలో ఉన్నాడో నీకు తెలిసిపోతుంది.

నేను ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. 1971లో కృష్ణ గారి కౌబాయ్ సినిమా ఆడాక మద్రాసులో తెలుగు కౌబాయ్ సినిమాలు వరసగా వచ్చాయి, నేను పనిలోకి వచ్చేసరికి ఆ ఊపు ఇంకా ఉంది. గుర్రం నడకకి కొబ్బరి చిప్పలు, చెక్క ట్రేలో ఇసుక. ఇసుక పొడిగా ఉంటే ఒక చప్పుడు, కాస్త తడిపితే ఇంకో చప్పుడు. జీను కిర్రుమనడానికి పాత తోలు సంచీ ఒకటి ఉండేది, దాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా మెలిపెట్టాలి, మైకుకి జానెడు దూరంలో. గట్టిగా మెలిపెడితే తలుపు చప్పుడులా వస్తుంది. ఒక సీన్లో హీరో గుర్రం దిగి ఊరికే నిలబడతాడు, పది సెకన్లు. నేను తోలు సంచీ ఒకే ఒక్కసారి తిప్పి వదిలేశాను. "ఇంకేం లేదా, ఖాళీగా ఉంది, మ్యూజిక్ పెట్టండి" అన్నారు పక్కనున్నవాళ్లు. మా గురువుగారు ఒప్పుకోలేదు, ఆ ఖాళీలోనే జనం భయపడతారు అన్నారు. ఆ పది సెకన్లు అలాగే ఉంచారు. హాల్లో కూర్చుని చూస్తే నా వెనక వరసలో ఎవరూ దగ్గను కూడా లేదు.

గన్‌స్మోక్‌లో అలాంటి ఖాళీలు బోలెడు. తొలి సీజన్లలో కథ మొదలవడానికి ముందు మార్షల్ ఊరి బయట బూట్ హిల్ అనే శ్మశానంలో నిలబడి తనలో తను మాట్లాడుకుంటాడు. హీరో పరిచయం సమాధుల మధ్య! అక్కడున్నవాళ్లలో కొందరు తన చేతిలోనే పోయారు, ఆ బరువు గొంతులో ఉంటుంది. స్పీడు పెంచితే ఆ గొంతు పోతుంది. ఒక్క అరగంట ఎపిసోడ్ మామూలు వేగంలో, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, లైటు ఆర్పేసి విను. చూడకపోయినా పర్లేదు, విను. అప్పటికీ నచ్చకపోతే నాకు మళ్లీ రాయి, నీతో వాదించను.

*చెస్టర్ గొప్పా, ఫెస్టస్ గొప్పా? మా ఇంట్లో నేనూ మా బావమరిదీ దీని మీద మాట్లాడుకోవడం మానేశాం. – పెరంబూరు నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి*

ముందు మీ బావమరిదితో మాట్లాడండి సార్.

మార్షల్ వెంట ఉండే మనిషి మొదట చెస్టర్, ఆ వేషం డెన్నిస్ వీవర్‌ది, 1955 నుంచి 1964 దాకా. ఒక కాలు వంగదు, కుంటుతూ "మిస్టర్ డిల్లన్" అంటూ వెనకాలే పరిగెత్తుతాడు. 1959లో ఆ వేషానికి టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. తర్వాత ఫెస్టస్, కెన్ కర్టిస్ అనే గాయకుడు. అంతకుముందు పెద్ద బ్యాండ్లలో పాడినవాడు ఇక్కడికొచ్చి గరగరలాడే కీచుగొంతుతో, చదువురాని కొండప్రాంతపు మనిషిగా, రూత్ అనే కంచరగాడిదనెక్కి ఆఖరిదాకా ఉన్నాడు. ఆ పాటగాడి గొంతు ఎక్కడ దాచుకున్నాడా అని నాకిప్పటికీ ఆశ్చర్యం. ఇక డాక్టరు ఆడమ్స్‌కీ ఫెస్టస్‌కీ ఉప్పూ నిప్పూ, పొద్దున లేస్తే తగువు, కానీ ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు రాత్రంతా మేలుకుంటాడు.

నా ఓటు చెస్టర్‌కి. మార్షల్ తప్పు చేస్తున్నాడేమో అన్న అనుమానం చెస్టర్ మొహంలో కనిపించేది, ఫెస్టస్‌కి మార్షల్ అంటే నమ్మకం తప్ప అనుమానం ఉండదు. కానీ నవ్వు కావాలంటే ఫెస్టసే.

*గన్‌స్మోక్ సంగతి సరే, 'బొనాంజా' దానికంటే ఎన్నో రెట్లు మేలు. తండ్రీ ముగ్గురు కొడుకులూ కలిసి ఉండటం చూస్తుంటే మన ఇల్లు చూసినట్టుంది. మీరు దాని మాటే ఎత్తలేదు. – టి.నగర్ నుంచి ఒక పాఠకుడు*

ఎత్తకపోవడం నా పొరపాటే. బొనాంజా 1959 నుంచి 1973 జనవరి దాకా ఎన్‌బీసీ ఛానెల్లో వచ్చింది, 431 ఎపిసోడ్లు. మొదటిరోజు నుంచీ రంగుల్లోనే తీశారు, ఎందుకంటే ఎన్‌బీసీ యజమాని ఆర్‌సీఏ కంపెనీ, వాళ్లు కలర్ టీవీలు అమ్ముకోవాలి. ఆ నీలం సరస్సూ పచ్చటి పైన్ చెట్లూ చూసి జనం షాపుకెళ్లాలని. కారణం వ్యాపారమే అయినా కళ్లకి పండగే, కాదనను.

నెవాడాలో పాండరోసా అనే రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటిన ఆస్తి, బెన్ కార్ట్‌రైట్ అనే తండ్రి, ముగ్గురు భార్యలూ చనిపోయారు, ఒక్కో భార్యకి ఒక్కో కొడుకు. మన తెలుగు కథల్లో సవతి అన్నదమ్ములంటే పేచీలే కదా, ఇక్కడ ఆ ముగ్గురి మధ్యా ఆస్తి మాట రాదు. అది నాకు చాలా నచ్చిన విషయం. అయితే మీరు చెప్పిన మన ఇంటి పోలికే ఒక పెద్ద చిక్కు తెచ్చింది. పెద్దకొడుకు ఆడమ్ వేషం వేసిన పెర్నెల్ రాబర్ట్స్ 1965లో వదిలేసి వెళ్లిపోయాడు. ముప్ఫై దాటిన మగాడు ప్రతి చిన్న పనికీ నాన్న అనుమతి అడగడమేమిటని అతని గొడవ. నిజానికి తండ్రిగా వేసిన లోర్న్ గ్రీన్ 1915లో పుట్టాడు, రాబర్ట్స్ 1928లో. తేడా పదమూడేళ్లే! సంపాదిస్తున్న కొడుకు నాన్నని అడక్కుండా టీవీ కూడా కొనలేని ఇళ్లు మన వీధిలో ఇప్పటికీ ఉన్నాయి, అతని మాట వాళ్లకి బాగా అర్థమవుతుంది.

రెండోవాడు హాస్, ఆ కొండంత మనిషి, పసిపిల్లాడి మనసు. డాన్ బ్లాకర్ 1972 మేలో ఆపరేషన్ తర్వాత అనుకోకుండా చనిపోయాడు. నలభై మూడేళ్లే. తర్వాత సీజన్ సగంలోనే సీరియల్ ఆగిపోయింది. హాస్ లేని ఆ భోజనాల బల్ల నేను చూడలేకపోయాను, టీవీ కట్టేశాను.

అయినా గన్‌స్మోక్‌నే ముందు పెడతాను. బొనాంజాలో గెలిచేది కుటుంబం, దానికి వెనక బలగం ఉంది, భూమి ఉంది. డాడ్జ్ సిటీలో ఆ నలుగురూ ఒకరికొకరు ఏమీ కారు. ఒక పోలీసు, ఒక డాక్టరు, దుకాణం నడిపే ఆడమనిషి, పనీపాటా స్థిరంగా లేని ఒక కుంటివాడు. చుట్టరికం లేదు, కులం కలిసి కాదు, రాత్రయ్యేసరికి ఒకే బల్ల దగ్గర చేరతారు. ఊరొదిలి మద్రాసొచ్చి మెస్సుల్లో తిని, పక్కగది మనిషినే అన్నదమ్ముడిగా చేసుకుని బతికిన నాలాంటివాళ్లకి ఆ బల్ల దగ్గర చోటున్నట్టు ఉంటుంది.

*ఇది మన మద్రాసు థియేటర్లలో ఎప్పుడైనా ఆడిందా? నాకు మౌంట్ రోడ్డులో చూసిన గుర్తు. – మింట్ నుంచి*

మీకు గుర్తున్నది ఏదో వేరే కౌబాయ్ సినిమా అయ్యుంటుందండీ. సఫైర్ కాంప్లెక్సులో బ్లూ డైమండ్ ఉండేది కదా, ఆట మధ్యలో ఎప్పుడైనా టిక్కెట్టు కొని లోపలికెళ్లి కూర్చోవచ్చు, నేనూ అక్కడ ఇలాంటి సినిమాలు రెండేసిసార్లు చూసినవాణ్ణే. గన్‌స్మోక్ టీవీ సరుకు. అక్కడ 1975 మార్చిలో ఆపేశారు, మన మద్రాస్ దూరదర్శన్ మొదలైందే ఆ ఏడు ఆగస్టు 15న.

*మా డైలీ సీరియళ్లని ఏళ్లతరబడి సాగదీస్తున్నారని తిడతారు, మరి దీన్ని ఇరవై ఏళ్లు సాగదీస్తే గొప్పంటారా? – అన్నానగర్ నుంచి ఒక గృహిణి*

మంచి ప్రశ్న. ఇది సాగదీసిన కథ కాదమ్మా, ఏ వారం కథ ఆ వారమే ముగిసిపోతుంది. మార్షల్, డాక్టర్, కిట్టీ ఉంటారు, బయటి నుంచి ఎవరో ఒకరు కష్టంతో ఊళ్లోకి వస్తారు, ఆ కష్టమే ఆ వారం కథ. చాలాసార్లు మార్షల్ పక్కనే నిలబడి చూస్తుంటాడు, అసలు కథ ఆ వచ్చినవాళ్లదే.

ఇరవై ఏళ్లూ నల్లేరు మీద నడకేం కాదు. 1967లో ఛానెల్ వాళ్లు ఆపేద్దామని నిర్ణయించేశారు. సీబీఎస్ పెద్ద విలియం పేలీ అడ్డుపడి శనివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రానికి మార్పించాడు. దానికోసం వేరే హాస్య సీరియల్ ఒకటి బలైపోయింది. రోజు మార్చిన వెంటనే మళ్లీ మొదటి పది స్థానాల్లోకి వచ్చేసింది. అదే మనుషులు, అవే కథలు, రోజు మారింది అంతే. ఆఖరికి 1975లో ముగింపు కథ కూడా తీయనివ్వకుండా ఆపేశారు. ఇరవై ఏళ్లు ఇంటికొచ్చిన మనిషి చెప్పాపెట్టకుండా రావడం మానేసినట్టు. అది మాత్రం అన్యాయం.

*బ్లాక్ అండ్ వైటా, కలరా? – తాంబరం నుంచి*

1966 వరకూ ఉన్న బ్లాక్ అండ్ వైట్. అందులోనూ 1961కి ముందు అరగంటవి.

*సార్, నేను కాలేజీ స్టూడెంట్‌ని. తాత కోసం పక్కన కూర్చుని చూశాను. నేటివ్ అమెరికన్లని చూపించే తీరు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. తాతకి చెబితే "అప్పుడలాగే ఉండేది" అన్నారు. మీరేమంటారు? – పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు*

నువ్వు చెప్పింది నిజం తల్లీ. ఆ భూమి వాళ్లది, వాళ్లే ఈ కథల్లో పరాయివాళ్లయ్యారు. చాలా వేషాలు రంగు పూసుకున్న తెల్లవాళ్లే వేశారు. సగం కొమాంచీ తెగవాడైన కమ్మరి క్వింట్ అనే మంచి పాత్ర 1962లో పెట్టారు, మూడేళ్లుంది, వేసింది బర్ట్ రేనాల్డ్స్. ఆ పాత్ర మీద జనం చూపే చులకనని కథలో తప్పుగానే చూపించారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. బొనాంజాలో చైనా వంటవాడు హాప్ సింగ్ ఉన్నాడు. ఆ నటుడు విక్టర్ సెన్ యంగ్ అమెరికాలోనే పుట్టి పెరిగినవాడు, అతని చేత వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడించి నవ్వించారు. మద్రాసులో మన యాసని సినిమాల్లో ఎగతాళి చేస్తే ఎలా ఉంటుందో మనకి తెలుసు, అతనికెలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇష్టమైన సీరియల్ కదా అని నేను దీన్ని వెనకేసుకురాను. తాతగారితో చూడటం మాత్రం మానకు. ఇబ్బందిగా అనిపించినచోట ఆపి ఆయనకి చెప్పు. నీతో మాట్లాడటం కోసమైనా ఆయన వింటారు.

*కాల్పులు, చావులు ఉన్నాయి. పదేళ్ల మనవడికి చూపించొచ్చా? ఒక్క ఎపిసోడే చూపించాలంటే ఏది? – వలసరవాక్కం నుంచి ఒక తాతయ్య*

చూపించండి, మీరు పక్కన ఉండి. మొదట్లో టైటిల్స్‌లో వీధి మధ్య ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కాల్చుకునేవారు, హింస ఎక్కువైందన్న గొడవ వచ్చాక దాన్ని తీసేసి మార్షల్ గుర్రం మీద పరిగెత్తుతున్నట్టు మార్చారు. మీరు మాత్రం ఆ పాతదే చూపించండి, మనవడిని జాగ్రత్తగా వినమనండి. ముందు పేలేది ఎదుటివాడి తుపాకీ, మార్షల్‌ది ఆ తర్వాత. తొందరపడినవాడి గుండు తగలదు.

ఎపిసోడ్ అంటారా, మొట్టమొదటిదే చూపించండి, 1955లోది. ముందు కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ వచ్చి నాలుగు మాటలు చెప్పి పరిచయం చేస్తాడు. అసలు కథలో ఊళ్లోకి ఒక కొత్తవాడు వస్తాడు, తుపాకీ తీయడంలో మార్షల్ కంటే చురుకు. మొదటి ఎదురుకాల్పుల్లో హీరో ఓడిపోతాడు! గుండు తగిలి పడిపోతాడు, చచ్చాడనుకుంటారు. మంచంలో పడి ఉండి ఆలోచిస్తాడు. కాల్చేముందు ఆ మనిషి ప్రతిసారీ బాగా దగ్గరికి వచ్చేస్తాడు, ఎందుకు? దూరం నుంచి గురి కుదరదు గనక. లేచాక మార్షల్ మళ్లీ వీధిలోకి వెళ్తాడు, ఈసారి ఎదుటివాణ్ణి దగ్గరికి రానివ్వడు.

మార్షల్‌గా వేసిన జేమ్స్ ఆర్నెస్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో కాలికి మెషిన్‌గన్ గుళ్లు తగిలాయి. పడవ దిగేటప్పుడు నీళ్లెంత లోతున్నాయో చూడటానికి పొడుగని ఇతన్నే ముందు దింపేవారట. ఆ కాలు బతికినంతకాలం నొప్పి పెట్టింది. ఎక్కువసేపు షూటింగ్ జరిగిన రోజుల్లో కొంచెం కుంటేవాడు. దెబ్బతిని లేచిన మార్షల్ ఆ వీధిలోకి నడిచే నడక మీ మనవడికి చూపించి, ఈ సంగతి చెప్పండి.